తలుపు మింగిన పొయ్యి

పొగాకు బ్యారన్లు కట్టే పనిలో నా వయసంతా గడిచింది. ఈ పనిలోకి కొత్తగా వచ్చే కుర్రవాళ్లు నన్ను మొదట అడిగేది పొయ్యి గురించే. ఎంత పెద్దది కట్టాలి, నోరు ఎంత వెడల్పు పెట్టాలి, గొట్టాలకు ఎంత మందం రేకు వాడాలి అని. గోడ గురించి ఎవరూ అడగరు. పైకప్పు సంగతి అసలే అడగరు. ఆ వయసులో నేనూ అడగలేదు. అడగాలని నాకు తెలిసివచ్చిన రోజు ఒకటి ఉంది. ఆ రోజు చూసినది తలుచుకుంటే ఇప్పటికీ నాకు నోట మాట రాదు. అందుకే ఇది రాస్తున్నాను. నేను మేస్త్రీని ఎప్పుడయ్యాను, సొంతంగా పనులు ఎప్పుడు పట్టాను అన్నవి రాయను. వాటితో మీకు పనిలేదు.

బ్యారన్ అంటే తెలియనివారికి రెండు మాటలు. అది గోడలకు కిటికీలు లేని ఎత్తయిన గది. పొలంలో కోసిన పచ్చాకును కర్రలకు అల్లి, లోపల అంతస్తులుగా వేలాడదీస్తారు. బయట పొయ్యిలో పెట్టిన మంట సెగ రేకు గొట్టాల్లోంచి లోపలికి వెళ్లి, నేల మీదుగా గదంతా చుట్టి, పొగగొట్టం గుండా బయటికి పోతుంది. ఆకుకు పొగ తగలకూడదు, సెగ మాత్రమే తగలాలి. ఆకు మొదట పసుపు తిరుగుతుంది, తర్వాత ఆరుతుంది, చివరికి ఈనె ఎండుతుంది. ఇదంతా జరగడానికి ఇంచుమించు వారం. మధ్యలో మంట ఆరిందో, ఆకు నల్లబడిపోతుంది. ఇక దాన్ని కొనేవాడుండడు. ఈ ఒక్క సంగతి గుర్తుంటే చాలు, మిగతాది అర్థమవుతుంది.

శెట్టిగారి షాపు

మాది ఉదయగిరి. మా అబ్బా కొండకట్టెతో గరిటెలు, చెంచాలు చెక్కేవాడు. నాకూ ఆ పనే రావలసింది గాని, ఎందుకో ఇనుము మీదికి మనసు పోయింది. డెబ్బైల మధ్యలో ఆత్మకూరు బస్టాండు దగ్గర రంగయ్య శెట్టిగారి రేకుల షాపులో చేరాను. మా మెట్ట ప్రాంతంలో సజ్జ చేలు తగ్గి పొగాకు పెరుగుతున్న రోజులవి. కలిగిరి వైపు, జలదంకి వైపు ఎటు వెళ్లినా కొత్త బ్యారన్లు లేస్తుండేవి. మేము షాపులో గొట్టాలు చేసి, బండ్లకెత్తుకుని వెళ్లి పల్లెల్లో బిగించి వచ్చేవాళ్లం.

శెట్టిగారు చెడ్డవాడు కాదు. రేకు మడవడం, రివిట్టు కొట్టడం, అతుకులో పొగ కారకుండా బంకమట్టి మెత్తడం ఆయనే దగ్గర కూర్చుని నేర్పాడు. పనివాడికి దెబ్బ తగిలితే తనే ఆస్పత్రికి తీసుకుపోయేవాడు. మంట విషయంలో మాత్రం ఆయనది ఒకటే పాట.

"సెగ చాలడంలేదని రైతు వచ్చినాడంటే పొయ్యి నోరు పెద్దది చెయ్యి మస్తానూ. మంట కనపడాల. మంట కనపడితేనే వాడికి ధైర్యం."

రైతులకూ ఆ మాటే నచ్చేది. ఉదయగిరి కొండ నుంచి కట్టెల బండ్లు వరసగా దిగుతున్న కాలం. ఎవరి పొయ్యిలో మంట పెద్దదైతే వాడే గొప్ప రైతు. పొగగొట్టం కొసన నిప్పురవ్వలు లేస్తుంటే ఊరంతా చూసి మెచ్చుకునేది. ఆ రవ్వలన్నీ ఆకుకు అందకుండా పోయిన కట్టెలేనని మాలో ఒక్కడికీ తట్టలేదు.

ఒక ఏడాది కొండమీద కట్టె కొట్టడానికి అడ్డు పడింది. అడవిశాఖవాళ్లు గట్టిగా కాపలా పెట్టారు. బండ్లు ఆగిపోయాయి. బొగ్గు లారీ వస్తుందన్నారు, రాలేదు. సరిగ్గా అప్పుడే చేలల్లో ఆకు కోతకొచ్చింది.

మాలకొండయ్య ఇల్లు

మాఘమాసంలో ఒకరోజు పొద్దున కలిగిరి దగ్గరి ఒక పల్లె నుంచి షాపుకు కబురొచ్చింది. మాలకొండయ్య అనే రైతు బ్యారన్‌లో గొట్టం పగిలిందట, ఎంత మంట వేసినా సెగ ఎక్కడం లేదట. ఆ బ్యారన్‌కు గొట్టాలు మా షాపువే. శెట్టిగారు నన్ను పొమ్మన్నాడు. సుత్తి, కత్తెర, రివిట్లు, అతుకు వేయడానికి ఒక రేకు ముక్క సంచిలో వేసుకుని బస్సెక్కాను. కలిగిరిలో దిగి నడుచుకుంటూ ఆ ఊరు చేరేసరికి ఎండ బాగా ఎక్కింది.

ఇంటి ముందు నిలబడి పిలిచాను. ఎవరూ పలకలేదు. తొంగి చూశాను. గడప ఉంది, ద్వారబంధం ఉంది. తలుపు లేదు. లోపల మాలకొండయ్య తల్లి నేల మీద గోతం పరుచుకుని పడుకుని ఉంది. ఆమె తలవైపు గోడకు నులక తాడు చుట్ట ఒకటి ఆనించి ఉంది. ఆ నులక ఏ మంచానిదో, ఆ మంచం కనపడలేదు.

"ఎవురు నాయనా?" అంది.

"ఆత్మకూరు నించి వచ్చినానవ్వా. బ్యారన్ పైపు చూసేదానికి."

"అందురూ ఆడనే ఉండారు. బిన్నా పోయి నా కొడుకును ఆపు నాయనా. నా మాట ఇనడంలా."

ఏమి ఆపాలో అర్థం కాక, ఇంటి వెనక చేలో ఉన్న బ్యారన్ దగ్గరికి గబగబా నడిచాను. అక్కడ మాలకొండయ్య గొడ్డలి పట్టుకుని ఇంటి తలుపును కొడుతున్నాడు. పాత వేప తలుపు, నల్లగా నిగనిగలాడుతోంది. పండక్కి పెట్టిన పసుపు కుంకుమ బొట్లు ఇంకా దాని మీద అలాగే ఉన్నాయి. గొడ్డలి పడినప్పుడల్లా ఆ బొట్లు పేళ్లతో పాటు ఎగిరి పడుతున్నాయి. పొయ్యి వైపు చూశాను. ఎర్రటి నిప్పుల మధ్య వంపు తిరిగిన కర్ర ఒకటి కాలుతోంది. అది నాగలి మేడి.

నేను చెక్క పని చేసేవాడి కొడుకును. అలాంటి వేప చెక్క దొరికితే మా అబ్బా దాన్ని చేత్తో నిమిరి చూసుకునేవాడు. దుక్కి దున్నే మనిషి నాగలిని పొయ్యిలో పెట్టడం అంతకుముందు నేను చూడలేదు, ఎక్కడా వినలేదు.

"అన్నా, ఏంది నువ్వు చేస్తా ఉండేది?"

"కండ్లు లేవా? కట్టె కొడతా ఉండా."

"అది ఇంటి తలుపు గదన్నా!"

మాలకొండయ్య గొడ్డలి దించాడు. నిద్రలేక కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"ఆకు పసుపు తిరిగింది సాయిబూ. కట్టెలు నిన్ననే అయిపాయె. ఇప్పుడు మంట ఆరిందంటే ఇంట్లో ఏముండాదని తలుపెయ్యాల?"

ఇంతలో అతని భార్య రమణమ్మ కందికంప మోపు ఎత్తుకొచ్చి పొయ్యి దగ్గర పడేసింది. నన్ను చూసి, "ముందు ఆ పైపు చూడు నాయనా. ఎంత ఏసినా గుటకేసినట్టు మింగతా ఉండాది, సెగ మాత్రం ఎక్కడంలా" అంది.

"తలుపు చాలకపోతే వసారా దూలం దించుతా," అన్నాడు మాలకొండయ్య ఇంటి వైపు చూస్తూ.

"దూలం మీద చెయ్యి ఏసినావంటే నేను అత్తను తీసుకోని మా నాయన కాడికి పోతా. మీ అమ్మ నెత్తిన ఆకాశం కప్పుతావా?"

అతను మళ్లీ గొడ్డలి ఎత్తాడు.

సెగ పోయే దారి

బ్యారన్ తలుపు కొద్దిగా తెరిచి, ఊపిరి బిగబట్టి లోపలికి దూరాను. గొట్టాల వెంట ఒక చుట్టు తిరిగి చూశాను. ఎక్కడా చీలిక లేదు. పొగ వాసన కూడా లేదు. బయటికి వచ్చి ఆ మాటే చెప్పాను.

"పైపు బాగుండాదన్నా."

"బాగుంటే సెగ యాడికి పోతాండాది?"

అతను కోపంగానే అడిగాడు. కాని అది నన్ను ఎవరూ అంతవరకు అడగని ప్రశ్న. నేనూ వేసుకోని ప్రశ్న. నిచ్చెన తెప్పించి కప్పు దగ్గరికి ఎక్కాను. గోడ పైభాగానికీ పెంకులకూ మధ్య నా చెయ్యి పట్టేంత సందు ఉంది. అక్కడ ముఖం పెట్టగానే బస్సు ఇంజను పక్కన నిలబడ్డట్టు వేడిగాలి కొట్టింది. ఒక్కసారిగా ముఖం వెనక్కి తీసుకున్నాను. దిగి వచ్చి బీడీ ముట్టించి, బ్యారన్ తలుపు కింద సందు దగ్గర పెట్టాను. పొగ తాడు పట్టి లాగినట్టు లోపలికి పోయింది. గోడలో నెర్రె ఉన్నచోట పెట్టాను. అక్కడా అంతే. కింద సందుల్లోంచి చల్లగాలి లోపలికి దూరుతోంది, పైన సందుల్లోంచి వేడిగాలి బయటికి తోసుకుపోతోంది. పొయ్యి నోరా, చెప్పనక్కరలేదు. తలుపు లేని పెద్ద నోరు. సగం మంట బయటికే నాలుక చాపుతోంది.

మంచం, నాగలి కాలిపోయాయి, తలుపు సగం అయిపోయింది. వాటి సెగలో ఆకుకు అందినదెంతో చెప్పలేను గాని, ఎక్కువ భాగం పెంకుల సందుల్లోంచి మేఘాలకు పోయింది.

మాలకొండయ్యను నిచ్చెన ఎక్కించాను. సందు దగ్గర చెయ్యి పెట్టమన్నాను. పెట్టి, వెంటనే తీసేశాడు. కిందికి దిగి, నరికిన తలుపు ముక్కల పక్కన చతికిలబడ్డాడు.

"నాగలి కూడా ఇట్టనే పోయిందా?" అన్నాడు.

రమణమ్మ మాత్రం అక్కడ నిలబడలేదు. "ఏం చెయ్యాలో చెప్పు సాయిబూ, ఏడ్చేది తర్వాత ఏడుద్దాం" అని చెంగు నడుముకు చెక్కింది.

బంకమట్టిలో వరిగడ్డి తరిగి వేసి ఆమె తొక్కింది. ఆ మట్టితో గోడ నెర్రెలు మెత్తాము. గడ్డిని తాళ్లుగా పేని, మట్టిలో ముంచి, కప్పు కింద సందుల్లో కూరాము. బ్యారన్ తలుపు అంచుల్లో మట్టి పూసిన గోతాలు దోపాము. మాలకొండయ్య నిచ్చెన మీద నిలబడి, కప్పులో ఉన్న గాలి కిటికీని కూడా మూయబోయాడు.

"దాన్ని మూయొద్దన్నా!"

"అది మాత్రం సందు కాదా?"

"ఆకులో తేమ పోవాల గదా. అది మూసినామంటే ఆకు ఉడికిపోతాది. ఆరిందాకా కాస్త తెరిచే ఉంచు. ఈనె ఎండే వేళకు మూద్దువు."

అతను నమ్మలేనట్టు చూశాడు. నిజం చెప్పాలంటే, ఎంత తెరిచి ఉంచాలో నాకూ ఖాయంగా తెలియదు. తలుపుకున్న చిన్న అద్దంలోంచి ఆకును చూసుకుంటూ, ఆ కిటికీని కొంచెం కొంచెం జరుపుతూ పోయాము.

అతుకు వేయడానికి తెచ్చిన రేకును పొయ్యి నోటికి తలుపుగా కత్తిరించాను. గాలి కోసం కింద చిన్న రంధ్రం పెట్టాను. పొగగొట్టం మీద పెంకు ఒకటి అడ్డం పెట్టి, పొగ వెనక్కి తన్నకుండా ఉండేంతవరకు జరిపాను. కాసేపటికి మంట చిన్నదయింది. చూడటానికి అన్నం వండుకునే మంటలా ఉంది. అద్దంలోంచి చూస్తే లోపల వేలాడుతున్న థర్మామీటరులో పాదరసం దిగలేదు సరికదా, మెల్లగా పైకి పాకుతోంది.

నేను పదే పదే వెళ్లి చూశాను. ఎవరైనా ఇంకెక్కడైనా మంట పెట్టారేమోనని పిచ్చివాడిలా బ్యారన్ చుట్టూ ఒకసారి తిరిగాను కూడా.

మాలకొండయ్య మాత్రం ఆ చిన్న మంటను చూసి తట్టుకోలేకపోయాడు. "ఆరిపోతాది, ఆరిపోతాది" అంటూ కట్టె పుల్ల పట్టుకుని పొయ్యి దగ్గరికి పోవడం, నేను ఆపడం. చివరికి రమణమ్మ గొడ్డలి లాక్కుని దాని కామ మీద కూర్చుంది. "ఇంక దూలం జోలికి ఎట్ట పోతావో పో" అంది.

మిగిలిన సగం తలుపు, కందికంప, చుట్టుపక్కలవాళ్లు ఇచ్చిన ఎండు మట్టలతో ఆ బ్యారన్ చివరిదాకా నడిచింది. ఆకంతా బంగారంలా దిగిందని చెప్పను. పై అంతస్తుల్లోది మచ్చలు పడింది. కిందిదీ మధ్యదీ మంచి రంగులో వచ్చింది. వసారా దూలం వసారాలోనే ఉండిపోయింది.

శెట్టిగారు నవ్వాడు

తిరిగి ఆత్మకూరు వచ్చి జరిగినదంతా శెట్టిగారికి చెప్పాను. తలుపు సంగతి, నాగలి సంగతి చెబుతుంటే ఆయన మొదట "అయ్యో" అన్నాడు. పొయ్యికి తలుపు పెట్టిన సంగతి చెప్పగానే నవ్వాడు.

"పొయ్యి నోరు మూసి వచ్చినావా! కట్టె తక్కువ కాలితే పైపు ఎప్పటికి అరగాల, రైతు మళ్లీ మన షాపుకు ఎప్పటికి రావాల?"

సరదాకే అన్నాడేమో. ఆ మాటను నేను మాత్రం సరదాగా తీసుకోలేకపోయాను. నాకు దగ్గర కూర్చుని పని నేర్పిన మనిషి ఆయన. మంట పెద్దదైతే గొట్టాలు తొందరగా కాలిపోతాయని ఆయనకు ముందునుంచీ తెలుసన్నమాట. తెలిసి కూడా నోరు పెద్దది చేయమనేవాడు. కుర్రవాళ్లకు నేను చెప్పేదిదే. మీకు పని నేర్పినవాణ్ని గౌరవించండి. కాని ఆయన ఏది చెబుతున్నాడో, అది దేనికి చెబుతున్నాడో కూడా చూసుకోండి.

తర్వాతి ఏడాది కట్టె ఇంకా కష్టమయ్యేసరికి, శెట్టిగారే పొయ్యి తలుపులు చేయించి షాపు ముందు వరసగా నిలబెట్టాడు. "మా షాపులో కనిపెట్టిన తలుపు" అని అందరికీ చెప్పుకున్నాడు. నాకు కోపం రాలేదు. రైతుల పొయ్యిలకు తలుపులు వచ్చాయి, అది చాలు.

చెంచయ్య ఆకు

మాలకొండయ్య పక్క చేనతను చెంచయ్య. ఆ రోజు దూరం నుంచి మేము మట్టి మెత్తడం చూశాడు. వచ్చి ఒక్క మాట అడగలేదు. వారం తిరక్కుండా కలిగిరి బస్టాండులో నా చొక్కా పట్టుకున్నాడు.

"నీ మట్టి నా కొంప ముంచింది గదరా!"

చుట్టూ జనం పోగయ్యారు. నాకు ఏమీ అర్థం కాలేదు. అతనే లాక్కుపోయినట్టు నన్ను వెంటబెట్టుకుని వెళ్లి బ్యారన్ తెరిచాడు. గుప్పున పులిసిన వాసన కొట్టింది. ఆకంతా ఉడికిన తోటకూరలా కర్రలకు వేలాడుతోంది. కింది సందులు, పై సందులు, గాలి కిటికీ, అన్నీ మట్టితో మూసేశాడు. ఆకులోని తేమ బయటికి పోయే దారి లేక ఆకు మీదే దిగింది.

చెంచయ్య భార్య ఒక ఆకు తెంపి నా చేతిలో పెట్టింది. అది తడి గుడ్డలా నా అరచేతికి అంటుకుంది. ఆమె ఏమీ అనలేదు. అదే నాకు చొక్కా పట్టుకోవడం కన్నా ఎక్కువగా తగిలింది.

అప్పటి నుంచి ఏ ఊరు వెళ్లినా, ఏది మూయాలో చెప్పేముందు ఏది మూయకూడదో చెప్పడం అలవాటు చేసుకున్నాను. ఇప్పుడు ఇళ్లు కట్టేవాళ్లు కూడా ఎండ రాకుండా, వేడి రాకుండా అని అన్నీ బిగించేస్తున్నారు. వంటింటి పొగ, మనుషుల ఊపిరి ఎటు పోతాయో ఆలోచించడం లేదు. సెగను ఆదా చేయడమంటే గదిని సీసాలా బిరడా పెట్టి బిగించడం కాదు. గాలికి ఒక దారి మనమే ఇచ్చి, ఆ దారి మన చేతిలో ఉంచుకోవాలి. చెంచయ్య ఆ ఏడు మిగిలిన ఆకును మాలకొండయ్య బ్యారన్‌లోనే ఎండబెట్టుకున్నాడు. నాతో మాట్లాడటానికి మాత్రం అతనికి చాలాకాలం పట్టింది.

మళ్లీ ఆ ఊరికి

మరుసటి ఏడు కోతలకు ముందు రమణమ్మ నన్ను రమ్మని కబురు పంపింది. మాలకొండయ్య కాదు, ఆమె. వెళ్లేసరికి ఇంటి ద్వారానికి ఇంకా గోనెపట్టాయే వేలాడుతోంది. బ్యారన్‌కు మాత్రం కొత్త తలుపు, అంచుల చుట్టూ పాత టైరు ముక్కలు కొట్టి బిగించిన గట్టి తలుపు. నేను ఇంటి వైపూ దాని వైపూ మార్చి మార్చి చూడటం మాలకొండయ్య గమనించాడు.

"ముందు దీనికి పెట్టినా సాయిబూ. ఇది నిలబడితే ఇంటికి అదే వస్తాది," అన్నాడు. కొత్త నాగలి కూడా చేయించానని చూపించాడు.

కప్పు కింద ఎండుగడ్డి పరిచి, దాని మీద మట్టి మెత్తారు. గోడలు లోపలా బయటా అలికారు. గొట్టాల కింద నేల ఊడ్చి శుభ్రం చేశారు, రాలిన ఆకు గొట్టం మీద పడి అంటుకోకుండా పైన ఇనుప వల కూడా పరిచారు. నేను సుత్తి బయటికి తీసే పనిలేకుండా పోయింది.

"మరి నన్నెందుకు పిలిచినావు వదినా?"

"లోపలికి రా, చెప్తా."

ముగ్గురం బ్యారన్‌లోకి వెళ్లాము. మిట్టమధ్యాహ్నం, బయట ఎండ మండిపోతోంది. ఆమె గాలి కిటికీ తాడు లాగి మూసింది. తర్వాత తలుపు వేసింది.

చీకటి. నా చెయ్యి ముఖం ముందు పెట్టుకున్నా కనపడలేదు. కళ్లు మూసుకున్నానో తెరుచుకున్నానో నాకే తెలియలేదు. అప్పటిదాకా నేను గొట్టాలు బిగించిన బ్యారన్లలో ఒక్కదాంట్లోనూ పగటిపూట అంత చీకటి చూడలేదు. ఎక్కడో ఒకచోట వెలుగు చుక్క పడేది. అది ఎండ లోపలికి వచ్చే దారి అనుకున్నాను గాని, సెగ బయటికి పోయే దారి అని నాకు ఏనాడూ తోచలేదు.

రమణమ్మ గొంతు నా పక్కనే వినపడింది. "వారం నించి పొద్దునపూట వచ్చి ఇట్ట తలుపేసుకోని కూర్చుంటా ఉండా. చుక్క కనపడిన కాడల్లా మట్టి పెడతా వచ్చినా. నా కండ్లకు ఇంక ఏమీ కనపడడంలా. నీ కండ్లకేమన్నా కనపడతాదా?"

నేను నిలబడిన చోటే మెల్లగా చుట్టూ తిరిగాను. గోడల వైపు చూశాను. కప్పు వైపు చూశాను. తలుపు అంచులు వెతికాను. మాలకొండయ్య ఊపిరి పీల్చడం వినపడుతోంది.

"ఏం సాయిబూ, పలకవేంది?" అన్నాడతను భయంగా.

"లేదన్నా. ఏమీ కనపడడంలా" అన్నాను. "ఇంక పొయ్యి ఎలిగించుకోండి."